కాక్‌పిట్‌లో ఒక యుద్ధం, కాగితాల మీద ఒక యుద్ధం

శ్రోతలకు నమస్కారం.

నల్లగొండలోనో, పాలమూరులోనో పిల్లల్ని పిలిచి వాయుసేనాధిపతి ఒకరి పేరు చెప్పమంటే అర్జన్ సింగ్ అంటారు. హైదరాబాద్‌లో పుట్టి, నిజాం కాలేజీలో చదివి, అదే పదవికి ఎదిగిన ఇద్రిస్ హసన్ లతీఫ్ గారి పేరు పెద్దవాళ్ల నోట కూడా రాదు. నాకు అది బాధగా ఉంటుంది. అందుకే ఇవాళ ఆయన గురించి చెబుతాను.

లతీఫ్ గారు 1923లో పుట్టారు. 1942 జనవరిలో, ఇంకా పంతొమ్మిదేళ్లు నిండకముందే, వాయుసేనలో అధికారిగా చేరారు. అది రెండో ప్రపంచ యుద్ధం నడుస్తున్న కాలం. మొదట కరాచీలో వేశారు. అక్కడ ఆయన నడిపినవాటిలో వపిటీ ఒకటి. ఒకదానిపైన ఒకటిగా రెండు జతల రెక్కలున్న పాత విమానం అది. పైలట్ తలపైన కప్పు ఉండదు. ఎండైనా, ఉప్పుగాలైనా ముఖానికే. అలా అరేబియా సముద్రం మీద తిరుగుతూ శత్రువుల జలాంతర్గాములను వెతకాలి.

తర్వాత ఇంగ్లండ్ వెళ్లి హరికేన్, స్పిట్‌ఫైర్ విమానాలు నడపడం నేర్చుకుని వచ్చి బర్మా యుద్ధంలో పాల్గొన్నారు. అక్కడ దట్టమైన అడవి. జపాన్ సైనికులు చెట్ల కింద దాక్కుని ఉండేవాళ్లు. మన హరికేన్ పైలట్లు బాగా కిందికి దిగి ఎగురుతూ వాళ్ల జాడ కనిపెట్టాలి, ఫొటోలు తీయాలి, ఆ కబురు నేల మీది సైన్యానికి అందించాలి. అంత కిందికి దిగితే తుపాకీ గుండు కూడా తగులుతుంది.

ఇక్కడే ఇంకో సంగతి చెప్పాలి. అదే బర్మా మీద బ్రిటిష్ వాయుసేనకు చెందిన 152వ స్క్వాడ్రన్ అనే దళం స్పిట్‌ఫైర్లు కూడా ఎగిరాయి. దాని పేరులోనే హైదరాబాద్ ఉంది, చిహ్నంలో నిజాం తలపాగా ఉంది. నిజాం ఇచ్చిన విరాళానికి గుర్తుగా పెట్టుకున్న పేరు అది. ఆ రోజుల్లో నిజాం ఖజానాకు దేవరకొండ, నాగర్‌కర్నూల్ రైతులు కట్టిన శిస్తు కూడా చేరేది. ఆ యుద్ధంతో మనకు సంబంధం లేదని ఎలా అనుకుంటాం?

1947లో దేశంతో పాటు వాయుసేన కూడా రెండుగా చీలింది. తోటి పైలట్లు అస్గర్ ఖాన్, నూర్ ఖాన్ పాకిస్తాన్‌కు వచ్చెయ్యమన్నారు. ఆ ఇద్దరూ తర్వాత అక్కడ వాయుసేనాధిపతులయ్యారు. లతీఫ్ గారు మాత్రం ఇక్కడే ఉంటానన్నారు. ఇరవై నాలుగేళ్ల వయసులో, దోస్తుల మాట కాదని తీసుకున్న నిర్ణయం అది. ఆయన జీవితంలో నాకు అన్నిటికన్నా గొప్పగా కనిపించేది ఇదే.

1971 యుద్ధం వచ్చేనాటికి ఆయన ఢిల్లీలో వాయుసేన ప్రధాన కార్యాలయంలో ప్రణాళికల విభాగం చూస్తున్నారు. ఇప్పుడు విమానం నడపడం కాదు, ఏ విమానం ఎక్కడ ఉండాలి, ఎన్ని ఉండాలి అన్నది తేల్చే పని. ఇదేం యుద్ధం అనిపించవచ్చు. కానీ 1965 యుద్ధంలో పాకిస్తాన్ దాడి చేసినప్పుడు పఠాన్‌కోట్‌లో మన విమానాలు నేల మీద నిలిపి ఉండగానే కాలిపోయాయి. ఆ దెబ్బ తర్వాత వాయుసేన విమానాలకు గట్టి గోడల షెడ్లు కట్టించింది, అన్నిటినీ ఒకేచోట పెట్టడం మానేసింది. 1971 డిసెంబర్ 3 సాయంత్రం పాకిస్తాన్ విమానాలు మన స్థావరాల మీద బాంబులు వేసినా పెద్దగా నష్టం జరగలేదు. ముందే కూర్చుని ఆలోచించి చేసిన పనికి అంత ఫలితం ఉంటుంది. డిసెంబర్ 16న ఢాకాలో పాకిస్తాన్ సైన్యం లొంగిపోయింది.

1978 నుంచి 1981 దాకా లతీఫ్ గారు వాయుసేనాధిపతి. ఆ పదవి చేపట్టిన మొదటి ముస్లిం ఆయనే. శత్రు భూభాగంలోకి చాలా దూరం వెళ్లి దాడి చేయగల విమానం కావాలని వాయుసేన ఏళ్ల తరబడి అడుగుతూనే ఉంది. ఆయన హయాంలో, 1979లో, మొదటి జాగ్వార్‌లు వచ్చాయి. మనవాళ్లు వాటికి శంషేర్ అని పేరు పెట్టుకున్నారు. నలభై ఏళ్లు దాటినా జాగ్వార్‌లు మన వాయుసేనలో సేవలోనే ఉన్నాయి.

తర్వాత మహారాష్ట్ర గవర్నర్‌గా, ఫ్రాన్స్‌లో రాయబారిగా పనిచేసి, హైదరాబాద్ తిరిగొచ్చారు. 2018 ఏప్రిల్ 30న, తొంభై నాలుగేళ్ల వయసులో కన్నుమూశారు.

ఇంటర్‌లో మ్యాథ్స్, ఫిజిక్స్ చదువుతున్న పిల్లలు మీ ఇంట్లో ఉంటే వాళ్లకు ఆయన కథ చెప్పండి. వాయుసేన పైలట్ కావాలంటే ఎన్‌డీఏ, అంటే నేషనల్ డిఫెన్స్ అకాడమీ, పరీక్ష రాయొచ్చు, ఇప్పుడు ఆడపిల్లలకూ అవకాశం ఉంది. మొట్టమొదటి ముగ్గురు మహిళా ఫైటర్ పైలట్లు 2016లో అధికారులై బయటికి వచ్చింది మన దుండిగల్ అకాడమీ నుంచే. నల్లగొండ నుంచి అక్కడికి మూడు గంటల ప్రయాణం. సెలవు.