టెలిస్కోప్ పవర్ ఎంత, గొట్టం పొడవెంత? రెండు లెన్సుల లెక్క

[దృశ్యం: బల్ల మీద రెండు లెన్సులు, పక్కన స్కేలు]

కళ్లద్దాల షాపులో అంచు కోయని ప్లస్ 1 పవర్ లెన్స్ అడగండి. దాని నాభ్యంతరం (ఫోకల్ లెంగ్త్), అంటే దూరపు వస్తువు బొమ్మ లెన్స్ నుంచి ఎంత దూరంలో పడుతుందో ఆ కొలత, 1000 మి.మీ. ఇది ముందు పెట్టే వస్తు కటకం. కన్ను ఆనించే వైపు అక్షి కటకంగా 50 మి.మీ. నాభ్యంతరం ఉన్న కుంభాకార లెన్స్ చాలు, ల్యాబ్ సామాన్ల షాపుల్లో దొరుకుతుంది.

[తెర మీద: 1000 ÷ 50 = 20, 1000 + 50 = 1050]

భాగిస్తే టెలిస్కోప్ పవర్, అంటే ఎన్ని రెట్లు పెద్దగా చూపిస్తుందో. కూడితే లెన్సుల మధ్య దూరం. ఎందుకో చందమామతో చూద్దాం. వస్తు కటకం తన వెనక 1000 మి.మీ. దూరంలో చంద్రుడి బొమ్మను తలకిందులుగా వేస్తుంది. ఆ బొమ్మ వెడల్పు సుమారు 9 మి.మీ. దాన్ని 50 మి.మీ. దూరం నుంచి భూతద్దంలో చూస్తున్నాం. మామూలుగా అర డిగ్రీ కనిపించే చంద్రుడు ఇప్పుడు పది డిగ్రీలు!

[దృశ్యం: ఒకదాంట్లో ఒకటి జారే రెండు అట్ట గొట్టాలు]

గొట్టాన్ని సరిగ్గా 1050కి కోసి అతికించేయకండి. 20 మీటర్ల దూరంలోని బోర్డును చూడాలంటే ఇంకో 53 మి.మీ. బయటికి లాగాలి. లెన్స్ మీద రాసిన పవర్‌ను కూడా నమ్మొద్దు. దూరపు చెట్టు బొమ్మను తెల్ల కాగితం మీద పడేసి, లెన్స్ నుంచి కాగితానికి దూరం కొలవండి. సూర్యుడితో మాత్రం వద్దు. టెలిస్కోప్‌తో సూర్యుణ్ణి చూస్తే చూపు పోతుంది.

వస్తు కటకం ఉబ్బెత్తు వైపు బయటికి ఉండాలి. దాని ముందు 30 మి.మీ. రంధ్రం చేసిన నల్ల అట్ట పెట్టండి. లేకపోతే చంద్రుడి అంచున ఊదా రంగు కనిపిస్తుంది, ఎందుకంటే ఒంటి లెన్స్ అన్ని రంగుల్నీ ఒకేచోట కలపలేదు.

చాలామంది ఇక్కడే ఆశపడి 10 మి.మీ. అక్షి కటకం పెడతారు. లెక్కకి 100 రెట్లే. కానీ కంట్లోకొచ్చే కాంతి పుంజం వెడల్పు 30 ÷ 100, అంటే 0.3 మి.మీ. బొమ్మ మసకబారి, అలుక్కుపోతుంది. పైన చెప్పిన 20 రెట్ల దగ్గర అదే పుంజం 1.5 మి.మీ., హాయిగా చూడొచ్చు.

కన్ను మరీ దగ్గర ఆనిస్తే చిన్న గుండ్రమే కనిపిస్తుంది. 50 మి.మీ. లెన్స్‌కి కన్ను దాదాపు 52 మి.మీ. వెనక ఉండాలి.

[దృశ్యం: పుటాకార లెన్స్]

గెలీలియో పద్ధతిలో అక్షి కటకం పుటాకారం. అందుకే కూడిక బదులు తీసివేత: 1000 − 50 = 950. బొమ్మ నిటారుగా ఉంటుంది, గొట్టం పొట్టిదవుతుంది. కానీ కనిపించే మేర బాగా ఇరుకు. ఫ్లోరెన్స్‌లో భద్రపరిచిన ఆయన టెలిస్కోపుల్లో ఒకదాని వస్తు కటకం 980 మి.మీ., గొట్టం 927 మి.మీ., పవర్ సుమారు 20 రెట్లు. దాంట్లో చంద్రుడు ఒకేసారి పూర్తిగా పట్టడు.