జలాంతర్గాముల కాంట్రాక్టు రద్దయితే రాయబారులు ఎందుకు వెనక్కి వెళ్లారు?

అందరికీ నమస్కారం.

ఈ హాల్లో విమానాలు తయారుచేసే హెచ్‌ఏఎల్ వాళ్లున్నారు, రక్షణ ఎలక్ట్రానిక్స్ చేసే బీఈఎల్ వాళ్లున్నారు, సి.వి. రామన్ నగర్ రక్షణ పరిశోధన ల్యాబుల నుంచి వచ్చినవాళ్లున్నారు. రక్షణ కాంట్రాక్టు ఫైలు ఎంత మందంగా ఉంటుందో, దానిలో ఒక్కో సంతకానికి ఎన్ని నెలలు పడుతుందో మీకు నేను చెప్పక్కర్లేదు. బెంగళూరులో ఉంటూ మనం ఇలాంటి విషయాలను ఎక్కువగా ఇంజినీరింగ్ వైపు నుంచే చూస్తాం. ఇవాళ అదే ఫైలును విదేశాంగ శాఖ వైపు నుంచి తిరగేద్దాం. 2021 సెప్టెంబరులో ఆస్ట్రేలియా ఫ్రాన్స్‌తో చేసుకున్న జలాంతర్గాముల కాంట్రాక్టును వదులుకుంది. రెండు రోజులు తిరగకుండానే ఫ్రాన్స్ అటు కాన్‌బెర్రా నుంచీ, ఇటు వాషింగ్టన్ నుంచీ తన రాయబారులను వెనక్కి పిలిచింది. అమెరికా నుంచి ఫ్రాన్స్ రాయబారిని పిలిపించుకోవడం చరిత్రలో అదే మొదటిసారి.

ఆ కాంట్రాక్టు నుంచి తప్పుకునే హక్కు ఆస్ట్రేలియాకు ఉంది. గొడవంతా ఆ హక్కును వాడుకున్న తీరు దగ్గర వచ్చింది. ఏ తేదీన, ఏ కాగితం దగ్గర అడుగు తప్పిందో వరుసగా చూస్తే మన ఫైళ్లలో ఏం చూసుకోవాలో తెలుస్తుంది.

ముందు కాంట్రాక్టు సంగతి. ఆస్ట్రేలియా నౌకాదళానికి ఆరు కాలిన్స్ తరగతి జలాంతర్గాములున్నాయి. స్వీడన్ డిజైను, అడిలైడ్‌లో తయారీ. మొదటిది 1996లో, చివరిది 2003లో నౌకాదళంలో చేరాయి. వాటి స్థానంలో 12 కొత్తవి కావాలని 2009 రక్షణ శ్వేతపత్రంలోనే రాసుకున్నారు. జపాన్, జర్మనీ, ఫ్రాన్స్ పోటీపడ్డాయి. 2016 ఏప్రిల్‌లో ప్రధాని టర్న్‌బుల్ ఫ్రెంచి కంపెనీ డీసీఎన్‌ఎస్‌ను ఎంపిక చేశారు. మరుసటి ఏడాది ఆ కంపెనీయే నేవల్ గ్రూప్‌గా పేరు మార్చుకుంది. ఫ్రాన్స్ అణుశక్తితో నడిచే బరాకుడా జలాంతర్గామిని కడుతోంది. దాని డిజైను తీసుకుని, రియాక్టరు తీసేసి, డీజిల్ ఇంజన్లు, బ్యాటరీలు పెట్టి సుమారు 4,500 టన్నుల జలాంతర్గామిని అడిలైడ్‌లో కట్టాలి. సెన్సార్లను, ఆయుధాలను నడిపే యుద్ధ వ్యవస్థ మాత్రం అమెరికాది, దాన్ని అమర్చే పని లాక్‌హీడ్ మార్టిన్‌ది. అంటే ఒకే పడవ, ఇద్దరు కాంట్రాక్టర్లు, మూడు దేశాల రహస్య నిబంధనలు. ఏ డ్రాయింగు ఎవరికి చూపించవచ్చో తేల్చుకోవడానికే ఎంత సమయం పడుతుందో ఇక్కడున్నవాళ్లు ఊహించగలరు.

ఇది మనకు పూర్తిగా పరాయి కథ కూడా కాదు. 2016 ఆగస్టులో, అదే ఫ్రెంచి కంపెనీ డిజైనుతో కట్టిన మన స్కార్పీన్ జలాంతర్గాములకు సంబంధించిన 22 వేలకు పైగా పేజీలు బయటికి పొక్కాయి. వాటిని బయటపెట్టింది ఒక ఆస్ట్రేలియా పత్రిక. ఫ్రెంచి కంపెనీ రహస్యాలను కాపాడగలదా అన్న ప్రశ్న ఆ దేశంలో అప్పుడే మొదలైంది.

తర్వాత ధర. 2016లో చెప్పింది 50 బిలియన్ ఆస్ట్రేలియన్ డాలర్లు. 2020 నాటికి పత్రికల్లో సుమారు 90 బిలియన్లు అని వచ్చింది. జనం దాన్ని 'ధర దాదాపు రెట్టింపు' అని చదువుకున్నారు. నిజానికి మొదటి అంకె 2016 నాటి స్థిర ధరల్లో వేసింది. రెండోది రాబోయే దశాబ్దాల ద్రవ్యోల్బణం, మారకం రేటు కలుపుకుని, డబ్బు ఖర్చయ్యే ఏడాది ధరల్లో వేసింది. పైగా ఆ మొత్తంలో ఫ్రెంచి కంపెనీ వాటా ఒక భాగమే. యుద్ధ వ్యవస్థ, యార్డు నిర్మాణం, నౌకాదళం సొంత ఖర్చులు అన్నీ అందులోనే ఉన్నాయి. రెండు రకాల అంకెలను మొదటి రోజే పక్కపక్కన పెట్టి చెప్పి ఉంటే, నాలుగేళ్ల తర్వాత ఫ్రాన్స్ మోసం చేసిందన్న భావన అంతగా పాకేది కాదు. ప్రభుత్వాలు ఇక్కడ పదేపదే బోల్తా పడుతున్నాయి, మన దగ్గరా అంతే.

అసలు ఇబ్బందులు వేరే ఉన్నాయి. డిజైను దశ తొమ్మిది నెలలు ఆలస్యమైందని ఆస్ట్రేలియా ఆడిట్ కార్యాలయం 2020 జనవరిలో తేల్చింది. ఆస్ట్రేలియా కంపెనీలకు ఎంత పని ఇస్తారన్నది మరో పేచీ. కాంట్రాక్టు విలువలో కనీసం 60 శాతం ఆ దేశంలోనే ఖర్చుపెడతామన్న మాట కాగితం మీదికి వచ్చేసరికి 2021 వచ్చింది. ఎంపికైన ఐదేళ్లకు! పోటీ జరుగుతున్నప్పుడు రాయించుకోవలసిన మాట, గెలిచాక అడిగితే అంత తేలిగ్గా రాదు.

సాంకేతిక కారణం వీటన్నిటికంటే బరువైనది. డీజిల్ జలాంతర్గామి బ్యాటరీ నింపుకోవడానికి నీటి ఉపరితలం దగ్గరికి వచ్చి గాలిగొట్టం పైకెత్తాలి. ఆ కాసేపు అది రాడారుకు చిక్కుతుంది, పొగ వల్ల, శబ్దం వల్ల దొరికిపోతుంది. ఆస్ట్రేలియా పశ్చిమ తీరం నుంచి దక్షిణ చైనా సముద్రానికి వేల కిలోమీటర్లు. అంత దూరం మునిగి, వేగంగా వెళ్లి, అక్కడ వారాల తరబడి ఉండాలంటే రియాక్టరు కావాలి. ఈ లెక్క 2016లోనూ ఇంతే. అయితే అప్పుడు ఆస్ట్రేలియాకు అణుపరిశ్రమ లేదు, అమెరికా తన రియాక్టరు పరిజ్ఞానాన్ని బ్రిటన్‌కు తప్ప ఎవరికీ ఇచ్చింది లేదు. 2021లో ఆ రెండో అడ్డు తొలగింది.

ఇక్కడ ఫ్రాన్స్ వాదన న్యాయంగా వినాలి. అణు జలాంతర్గామే కావాలంటే ఆ డిజైనుకు మూలమైన బరాకుడాయే అణుశక్తితో నడుస్తుంది కదా, మమ్మల్ని ఒక్క మాట అడగలేదేం అన్నది వాళ్ల ప్రశ్న. దానికి సాంకేతిక జవాబు ఉంది. ఫ్రెంచి రియాక్టరు తక్కువ శుద్ధి చేసిన యురేనియంతో నడుస్తుంది, సుమారు పదేళ్లకోసారి ఇంధనం మార్చాలి. అమెరికా, బ్రిటన్ రియాక్టర్లు ఆయుధ స్థాయి యురేనియంతో జలాంతర్గామి జీవితకాలమంతా ఇంధనం మార్చకుండా నడుస్తాయి. ఇంధనం మార్చే ఏర్పాట్లు లేని దేశానికి రెండోది నయం. జవాబు బలమైనదే కాబట్టి దాన్ని ఎదురుగా కూర్చుని చెప్పడానికి వెనకాడవలసిన పనిలేదు. కానీ చెప్పలేదు.

ఇక తేదీలు. 2021 జూన్‌లో ఇంగ్లండ్‌లో జీ7 సమావేశాలప్పుడు అప్పటి ఆస్ట్రేలియా ప్రధాని మోరిసన్, అమెరికా అధ్యక్షుడు బైడెన్, బ్రిటన్ ప్రధాని జాన్సన్ విడిగా కలిశారు. ఆ వెంటనే మోరిసన్ పారిస్ వెళ్లి ఫ్రెంచి అధ్యక్షుడు మాక్రాన్‌తో విందు చేశారు. సంప్రదాయ జలాంతర్గాముల మీద తన అనుమానాలు అక్కడే చెప్పానని మోరిసన్ తర్వాత అన్నారు. రద్దు మాట రానే లేదని ఫ్రాన్స్ అంటుంది. ఆగస్టు 30న రెండు దేశాల రక్షణ, విదేశాంగ మంత్రులు సమావేశమై ఉమ్మడి ప్రకటన ఇచ్చారు. అందులో ఈ జలాంతర్గాముల కార్యక్రమం ముఖ్యమైనదని రాశారు. సెప్టెంబరు 15న వాషింగ్టన్, లండన్, కాన్‌బెర్రా కలిసి, ఆస్ట్రేలియాకు అణు జలాంతర్గాములు సమకూర్చే ఆకస్ కూటమిని ప్రకటించాయి. ఆగస్టు ఉమ్మడి ప్రకటనకు, ఫ్రెంచి కాంట్రాక్టు రద్దుకు మధ్య పదహారు రోజులు.

అదే సెప్టెంబరు 15న ఇంకో కాగితం వెళ్లింది. జలాంతర్గామి వ్యవస్థల సమీక్ష పూర్తయిందని, ఫలితం సంతృప్తికరమని ఆస్ట్రేలియా వైపు నుంచి నేవల్ గ్రూప్‌కు ఉత్తరం అందింది. పారిస్ దాన్ని చూపించి, పొద్దున మెచ్చుకుని సాయంత్రం గెంటేశారని అంది. అది సాంకేతిక మైలురాయికి ఆమోదం మాత్రమే, తర్వాతి దశ కాంట్రాక్టుకు అనుమతి కాదని కాన్‌బెర్రా అంది. కాంట్రాక్టు భాషలో కాన్‌బెర్రా మాట సరైనదే. 2019 ఫిబ్రవరి ఒప్పందాన్ని దశలవారీగా కట్టారు, ప్రతి దశ చివర తప్పుకునే దారి ఉంది. డిజైను సమీక్ష పాసైనంత మాత్రాన తయారీ ఆర్డరు వచ్చినట్టు కాదని మీకందరికీ తెలుసు. కానీ ఉత్తరం రాసిన ప్రాజెక్టు కార్యాలయానికి పైన జరుగుతున్నది తెలియకపోతే ఇలాంటి తేదీలే పడతాయి. గోప్యత కోసం విషయాన్ని కొద్దిమందికే పరిమితం చేశారు. ఆ గోప్యత వల్లే మిగతా యంత్రాంగమంతా పాత దారిలోనే కాగితాలు పంపుతూ పోయింది. ఆగస్టు ప్రకటనను నెమ్మదైన మాటల్లో రాయించడం, సెప్టెంబరు ఉత్తరంలో 'ఇది తర్వాతి దశకు అనుమతి కాదు' అన్న ఒక్క వాక్యం చేర్చడం, అసలు రహస్యం బయటపడకుండానే చేయదగిన పనులు.

ఫ్రెంచి విదేశాంగ మంత్రి లెద్రియాన్ దాన్ని వెన్నుపోటు అన్నారు. 2016లో ఆ కాంట్రాక్టు గెలిచినప్పుడు రక్షణ మంత్రి ఆయనే, కాబట్టి ఆ కోపంలో సొంత బాధ కూడా ఉంది. సెప్టెంబరు 17న రాయబారులను పిలిపించారు. లండన్ రాయబారిని మాత్రం కదపలేదు. బ్రిటన్‌ను ఈ వ్యవహారంలో అదనపు చక్రంలా చూశారు, అదీ ఒక రకం అవమానమే. బ్రిటన్‌తో జరగాల్సిన రక్షణ మంత్రుల సమావేశం ఆగిపోయింది. యూరోపియన్ యూనియన్, ఆస్ట్రేలియా మధ్య వాణిజ్య ఒప్పందం చర్చల తర్వాతి విడత వాయిదా పడింది. ఈ చివరిది గమనించండి. ఫ్రాన్స్ కోపం జలాంతర్గాములతో ఏ సంబంధమూ లేని చర్చల బల్ల మీదికి వచ్చి కూర్చుంది. యూనియన్‌లో సభ్యదేశంతో గొడవపడితే యూనియన్ మొత్తంతో బేరం ఆగుతుందని కాన్‌బెర్రా ముందే లెక్కవేసుకోవలసింది.

డబ్బు కంటే ఎక్కువ నొప్పి ఎక్కడ కలిగిందో చెప్పాలి. న్యూ కాలెడోనియా, ఫ్రెంచి పాలినేషియా, రీయూనియన్ లాంటి భూభాగాల వల్ల ఫ్రాన్స్ తనను ఇండో-పసిఫిక్ దేశంగానే చూసుకుంటుంది. ఆ ప్రాంతంలో దానికి 15 లక్షలకు పైగా పౌరులున్నారు. సముద్ర వనరుల మీద దానికి హక్కున్న నీటి ప్రాంతంలో (ఈఈజెడ్) 90 శాతం పైగా అక్కడే ఉంది. 2018 మేలో సిడ్నీలో మాక్రాన్ పారిస్, ఢిల్లీ, కాన్‌బెర్రా ఇరుసు అని మాట్లాడారు. ఆ ఇరుసులో ఒక చివరను ఈ కాంట్రాక్టు పట్టుకుని ఉంది. మూడు ఆంగ్ల దేశాలు తలుపు వేసుకుని మాట్లాడుకోవడం, ఆ ప్రాంతంలో నీకు పనిలేదు అన్నట్టుగా పారిస్‌కు వినబడింది.

సర్దుబాటు ఎలా జరిగిందన్నది ఇంకా ఆసక్తికరం. సెప్టెంబరు 22న బైడెన్ ఫోను చేశారు. మిత్రుల మధ్య ముందే మాట్లాడుకుని ఉంటే బాగుండేదని ఉమ్మడి ప్రకటనలో ఒప్పుకున్నారు. అక్టోబరు చివర రోమ్‌లో కలిసి, తాము వ్యవహరించిన తీరు మొరటుగా ఉందని అన్నారు. అమెరికాతో అక్కడికి దాదాపు సర్దుకుంది. మోరిసన్ మాత్రం దేశ ప్రయోజనాల కోసం చేశానని నిలబడ్డారు. ఆయన మీతో అబద్ధమాడారా అని రోమ్‌లో విలేకరులు అడిగితే, అనుకోవడం కాదు నాకు తెలుసు అన్నారు మాక్రాన్. తర్వాత మాక్రాన్ పంపిన సొంత మెసేజీ ఒకటి ఆస్ట్రేలియా పత్రికల్లో వచ్చింది. రద్దు కంటే ఈ పని ఎక్కువ చెరుపు చేసిందని నా అభిప్రాయం. దేశాధినేత రాసిన మెసేజీ రేపు పేపర్లో వస్తుందంటే ఇంకెవరు మనసు విప్పి రాస్తారు? 2022 మేలో ప్రభుత్వం మారాక గాని చిక్కుముడి వీడలేదు. జూన్‌లో కొత్త ప్రధాని అల్బనీజ్ ప్రభుత్వం నేవల్ గ్రూప్‌కు 555 మిలియన్ యూరోలు ఇచ్చేందుకు ఒప్పుకుంది, జులై ఒకటిన ఆయన పారిస్‌లో ఉన్నారు. ఆ పరిహారంతో కలిపి ఆస్ట్రేలియా ప్రజల సొమ్ము 3.4 బిలియన్ ఆస్ట్రేలియన్ డాలర్లు పోయింది. చేతికి ఒక్క జలాంతర్గామీ రాలేదు.

ఇలాంటిది మొదటిసారేమీ కాదు. 1962లో అమెరికా స్కైబోల్ట్ క్షిపణి కార్యక్రమాన్ని ఆపేసింది. ఆ క్షిపణి వస్తుందన్న నమ్మకంతో బ్రిటన్ తన సొంత బ్లూ స్ట్రీక్ క్షిపణిని 1960లోనే వదులుకుని ఉంది. లండన్ భగ్గుమంది. ఆ డిసెంబరులోనే బహామాస్‌లోని నాసౌలో అమెరికా అధ్యక్షుడు కెనెడీ దానికి బదులుగా పొలారిస్ క్షిపణులు ఇచ్చి శాంతింపజేశారు. బ్రిటన్ గొడవ వారాల్లో తీరింది. కానీ ఆ ఏర్పాటు చూసిన ఫ్రెంచి అధ్యక్షుడు ద గాల్, 1963 జనవరి 14న యూరోపియన్ ఆర్థిక సమాజంలో బ్రిటన్ ప్రవేశానికి అడ్డుకట్ట వేశారు. ఆయనకున్న కారణాల్లో ఇదీ ఒకటి. ప్రత్యామ్నాయం చేతిలో పట్టుకుని వెళ్తే ఎదుటివాడు చల్లబడతాడు, పక్కనున్న మూడోవాడిని కూడా చూసుకోవాలి.

ఫ్రాన్స్ కూడా ఒకసారి రద్దు చేసిన వైపు నిలబడింది. రష్యా కోసం కట్టిన రెండు మిస్ట్రాల్ నౌకలను క్రిమియా ఆక్రమణ తర్వాత ఇవ్వలేదు. నెలల తరబడి మాట్లాడుకుని, 2015 ఆగస్టులో సుమారు 950 మిలియన్ యూరోలు తిరిగిచ్చి, రష్యా పరికరాలు విప్పి అప్పగించి, నౌకలను ఈజిప్టుకు అమ్మింది. రష్యా మిత్రదేశం కాకపోయినా లెక్క మొత్తం తేలాకే రద్దును ప్రకటించారు.

ఇప్పుడు మన ఊరి సంగతి. మన వైమానిక దళానికి 126 యుద్ధవిమానాల కోసం వేసిన టెండరులో 2012 జనవరిలో రఫేల్ గెలిచింది. 18 ఫ్రాన్స్ నుంచి సిద్ధంగా రావాలి, 108 ఇక్కడ హెచ్‌ఏఎల్‌లో తయారు కావాలి. ఇక్కడ తయారైన విమానాలకు పూచీ ఎవరిది, పని గంటలు ఎన్ని అన్న రెండు చిక్కుల దగ్గర మూడేళ్లు గడిచాయి. 2015లో ఆ టెండరు వెనక్కి తీసుకున్నారు. బెంగళూరుకు అది పెద్ద నష్టం, దాన్ని తక్కువ చేసి చెప్పను. అయినా ఢిల్లీ, పారిస్ మధ్య సంబంధం చెడలేదు. ఎందుకంటే రద్దుకంటే ముందు, ఏప్రిల్‌లోనే పారిస్‌లో 36 విమానాల ప్రకటన వచ్చింది. డబ్బు అదే దేశానికి, అదే కంపెనీకి వెళ్లింది.

అవతలివాడు నిబంధన ఉల్లంఘించాడని రద్దు చేయడం వేరు. 2014 జనవరి ఒకటిన మనం అగస్టా వెస్ట్‌లాండ్ హెలికాప్టర్ల కాంట్రాక్టును, లంచాలు ఇవ్వబోమని రాసిచ్చే నిజాయితీ ఒప్పందం కింద రద్దు చేసినప్పుడు బ్యాంకు గ్యారంటీలు వసూలు చేసుకోగలిగాం. మన అవసరం మారింది కాబట్టి తప్పుకోవడమంటే పరిహారం మనమే కట్టాలి. ఫైలులో ఈ రెండు దారులు విడివిడిగా రాసి ఉండాలి, ఏ దశలో తప్పుకుంటే ఎంత కట్టాలో పట్టికతో సహా.

ఆ పట్టిక పక్కన ఇంకో పట్టిక కూడా ఉండాలని నా కోరిక, దాన్ని వాణిజ్య విభాగం ఒక్కటే తయారుచేయలేదు. ఆ దేశం నుంచి మనకు ఇంకా ఏమేం వస్తున్నాయన్నదే అది. ఫ్రాన్స్ విషయంలోనే తీసుకోండి. ధ్రువ్ హెలికాప్టరులోని శక్తి ఇంజను హెచ్‌ఏఎల్ ఫ్రెంచి కంపెనీతో కలిసి చేసింది. మిరాజ్‌ల విడిభాగాలు అక్కడి నుంచే. ముంబయిలో కట్టిన ఆరు స్కార్పీన్‌లు, వైమానిక దళపు రఫేల్‌లు, 2025 ఏప్రిల్‌లో సంతకమైన 26 నౌకాదళ రఫేల్‌లు ఉన్నాయి. 36 రఫేల్‌లకు ఫ్రాన్స్ ప్రభుత్వం ఇచ్చింది సార్వభౌమ హామీ కూడా కాదు, భరోసా లేఖ మాత్రమే. అంటే చెడితే కోర్టు కంటే ముందు పలకాల్సింది ఢిల్లీ, పారిస్‌ల మధ్య ఫోనే. ఏదైనా ఒక కాంట్రాక్టు నుంచి తప్పుకోవాలని నిర్ణయించిన రోజున, మిగతా వరుసలన్నిటికీ కనీసం ఎన్ని నెలల విడిభాగాలు చేతిలో ఉన్నాయో లెక్క తీసి, దాన్ని విదేశాంగ కార్యదర్శి బల్ల మీద పెట్టాలి. ప్రకటన తేదీని ఆ లెక్క చూశాకే ఖరారు చేయాలి.

మన నౌకాదళపు కొత్త జలాంతర్గాముల కార్యక్రమం పీ-75ఐ మీద చాలామంది ప్రశ్నలు రాసి పంపారు. వాటితో మొదలుపెడదాం.