విరిగిన భుజానికి కొలత ఎక్కడ దొరుకుతుంది?

శ్రోతలకు నమస్కారం. ఎముకలు గుల్లబారిన పెద్దవారు ఇంట్లో కాలు జారి పడినప్పుడు, దండచేతి ఎముక పైకొన ఒక్కోసారి నాలుగు ముక్కలవుతుంది: గుండ్రటి తల, పెద్ద గుబ్బ, చిన్న గుబ్బ, కింది పొడవాటి కాడ. అమెరికా శస్త్రవైద్యుడు చార్లెస్ నీర్ 1970లో ఈ విరుగుళ్లను వర్గీకరించింది కూడా ముక్కల లెక్కను బట్టే. ఆ ముక్కలను అతికించి నిలపడం సాధ్యం కానప్పుడు లోహపు కాడతో కూడిన కృత్రిమ తలను అమర్చుతారు.

అమర్చుతారు సరే, ఎంత ఎత్తున అమర్చాలి? కీలు అరిగినవారిలో పాత తల ఉన్నచోటనే ఉంటుంది కనుక దానిని చూసి కొలత తీసుకోవచ్చు, కానీ విరిగిన భుజంలో ఆ గుర్తే చెదిరిపోతుంది. తల మరీ ఎత్తైతే కండరాలు బిగుసుకుని, కుట్టి నిలిపిన గుబ్బలను లాగివేస్తాయి. మరీ కిందికైతే భుజం మీది పెద్ద కండరం వదులై చేయి పైకి లేవదు.

ఇక్కడ ఆదుకునేది, నాకు ఎంతో ముచ్చటగా తోచేది, రొమ్ము కండరం. ఛాతీ మీద నుంచి వచ్చే ఆ వెడల్పాటి కండరపు పట్టీ సాధారణంగా విరిగిన చోటుకు దిగువన, ఎముక కాడకే అంటుకుని ఉంటుంది కాబట్టి, పైన అంతా చెదిరినా అది చెక్కుచెదరదు. ఆ పట్టీ పైఅంచు నుంచి ఎముక తల శిఖరం దాకా సగటున 5.6 సెంటీమీటర్లని 2006లో ప్రచురితమైన ఒక పరిశోధన చూపింది. శస్త్రవైద్యుడు గడ్డకట్టిన నెత్తురు తొలగించి, ఆ అంచును వేలితో తడిమి, స్కేలు ఆనించి, కొత్త తల శిఖరం ఆ ఎత్తుకు వచ్చేలా లోహపు కాడను నిలుపుతాడు. తల ఎటు తిరిగి ఉండాలన్నది మోచేతిని మడిచి, ముంజేతి దిశను బట్టి సరిచూస్తాడు. ఆ తరువాత పెద్ద గుబ్బను తల శిఖరం కంటే కొన్ని మిల్లీమీటర్లు దిగువన కట్టివేస్తాడు. చేతిని లేపి తిప్పే కండరాలు గుబ్బలకే అంటుకుని ఉంటాయి కనుక, అవి అతుక్కోకపోతే ఎంత చక్కటి లోహమైనా అక్కరకు రాదు.

అయితే 5.6 అన్నది సగటు మాత్రమే, సగటు మాత్రమే. పొట్టి మనిషికీ ఆరడుగుల మనిషికీ ఒకే కొలత సరిపోతుందని గుడ్డిగా నమ్మడం నాకు సమ్మతం కాదు. అందుకే చాలామంది వైద్యులు బాగున్న రెండో భుజానికి కూడా, కొలత గుర్తును ఆ భుజం పక్కనే ఉంచి, ఎక్స్‌రే తీయిస్తారు. "దెబ్బ తగిలింది ఇటైతే అటు ఎందుకండీ?" అని ఇంటివారు సందేహిస్తారు, బిల్లు పెంచడానికేమోనని కూడా అనుకుంటారు. అది అనవసరపు ఖర్చు కాదు. ఆ మనిషి ఎముక అసలు పొడవు ఎంతో చెప్పగలిగింది ఆ రెండో చేయే. ఆ చేయి కూడా ఎప్పుడైనా విరిగి అతుక్కుని ఉంటే మాత్రం, ఎక్స్‌రే గదిలోకి వెళ్లే ముందే ఆ మాట డాక్టరు గారికి తప్పక చెప్పండి.