తుఫాను లెక్క గ్రహాలు చెబుతాయా? బరంపురం చర్చ

వ్యాఖ్యాత: నమస్కారం. గోపాలపూర్ తీరంలో మన తెలుగువాళ్ళు నలుగురు కూడిన చోటల్లా ఒక మాట వినిపిస్తోంది. గ్రహాలు ఒక వరసలోకి వస్తే తుఫాను పుడుతుందట. 2013 అక్టోబరు 12న ఫైలిన్, మరుసటి ఏడు అదే తేదీన హుద్‌హుద్, 2018 అక్టోబరు 11న తిత్లీ. లెక్క కుదిరినట్టే ఉంది కదా మాస్టారూ?

భౌతికశాస్త్రం మాస్టారు: తేదీలు నిజమేనమ్మా. అక్టోబరులో బంగాళాఖాతం ఇంకా వెచ్చగా ఉంటుంది, కింది గాలికీ పైగాలికీ వేగంలో తేడా తగ్గుతుంది. తుఫాన్ల కాలమే అది. మరి 2019లో ఫొని మే 3న పూరీ దగ్గర తీరం దాటింది. అడిగితే అప్పుడు వేరే గ్రహం పనిచేసిందంటారు. చెప్పిన రోజున తుఫాను రాకపోతే, ప్రభావం నడిసముద్రంలోనే తీరిపోయిందంటారు. వచ్చినా వాళ్ళదే నిజం, రాకపోయినా వాళ్ళదే నిజం. అలాంటి మాట పట్టుకుని రేపు బోటు దింపాలో వద్దో ఎలా తేల్చుకుంటాం?

మత్స్యకార సంఘం సభ్యుడు: మా పెద్దోళ్ళ మాటనీ ఇలాగే కొట్టేస్తారా మాస్టారూ? గాలి లేకుండా పొడుగాటి కెరటాలు ఒడ్డుకి కొడుతుంటే మా తాత బోటు దింపనిచ్చేవాడు కాదు.

మాస్టారు: అది వేరు బాబూ! ఎక్కడో దూరాన తుఫాను లేపిన అలలు దానికంటే ముందే ఒడ్డుకు చేరతాయి. మీ తాతగారి మాటను ఎవరైనా ఒడ్డున నిలబడి సరిచూడొచ్చు. తప్పితే తప్పిందని తెలిసిపోతుంది. దాన్ని దీనితో ఒక గాటన కట్టకూడదు.

వ్యాఖ్యాత: కొత్త మాట ఏదైనా మొదట జనం నమ్మరు, తర్వాత ఒప్పుకుంటారు అంటారు కదా?

విజ్ఞాన ప్రచార కార్యకర్త: నిజమే, అలా జరిగింది కూడా. 1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణాన్ని ఫ్రెంచి శాస్త్రవేత్త జాన్సెన్ మన గుంటూరు నుంచే పరిశీలించాడు. ఆ ఏడాదే సూర్యుడి వర్ణపటంలో, అంటే సూర్యకాంతిని రంగులుగా విడదీస్తే వచ్చే పట్టీలో, దొరికిన పసుపు గీత ఒక కొత్త మూలకానిదని ఇంగ్లండు శాస్త్రవేత్త లాకియర్ అన్నాడు. చాలామంది నమ్మలేదు. 1895లో రామ్సే అనే రసాయన శాస్త్రవేత్త ఒక ఖనిజం నుంచి తీసిన వాయువులో అదే గీత కనిపించింది. అదే హీలియం. లాకియర్ మాటలో వెతకడానికి ఒక గీత ఉంది. గ్రహాల లెక్కలో ఏం వెతకాలి?

అందుకే నేను వాదనకు దిగను. చంద్రుడి ఆటుపోట్ల బలంలో శుక్రుడిది పదివేలో వంతు కూడా ఉండదని చూపిస్తే, ఇంకో గ్రహాన్ని తెస్తారు. ముందే అడుగుతాను: ఏ తేదీ, ఏ తీరం, గాలి ఎంత వేగం? ఏం జరిగితే మీ లెక్క తప్పని ఒప్పుకుంటారు? జవాబు లేకపోతే చర్చ అక్కడితో ఆపేస్తాను.

సభ్యుడు: మా దగ్గర ఈ గ్రహాల లెక్క చెప్పేది మా ఊరి పెద్దమనిషి మేడమ్. నలుగురిలో అడిగితే నొచ్చుకుంటాడు.

కార్యకర్త: నలుగురిలో వద్దు, ఇంటికెళ్ళి మర్యాదగా అడగండి. కానీ ఆయన మాట విని ఎవరైనా వేటకు బయల్దేరితే మాత్రం మొహమాటపడకండి. ఫైలిన్ గోపాలపూర్ దగ్గర తీరం దాటుతుందని వాతావరణ శాఖ ముందే చెప్పింది. తప్పితే నిలదీయడానికి వీలున్న మాట అది. దాన్ని నమ్మే ఒడిశాలో లక్షల మందిని తరలించారు.

సభ్యుడు: ఈ అక్టోబరుకి ముందే అడుగుతాను. తేదీ, తీరం చెబితే సంఘం బోర్డు మీద ఆయన ఎదుటే రాస్తాం. చెప్పకపోయినా ఆయన పెద్దరికం ఆయనకుంటుంది. బోట్లు మాత్రం వాతావరణ శాఖ హెచ్చరిక చూసే దింపుతాం.