నా మేలు నాకు తెలుసా?

మిత్రులారా,

'స్వార్థపరుడు' అనే మాట మన నోట తిట్టుగానే వస్తుంది. ఆ తిట్టు నా మీద ఎక్కడ పడుతుందోనన్న భయంతో నేను చాలా ఏళ్లు బతికాను. ఈ సాయంత్రం ఆ మాట గురించే మాట్లాడాలని వచ్చాను.

కొన్నేళ్ల కిందట ఒక పాత స్నేహితుడు అప్పు తీసుకుంటూ హామీ సంతకం పెట్టమన్నాడు. ఎక్కడెక్కడ పెట్టాలో పెన్సిల్‌తో గుర్తులు పెట్టి మరీ కాగితాలు తెచ్చాడు. పాత అప్పులేమైనా ఉన్నాయా అని అడగబోయాను. మాట నోటిదాకా వచ్చి ఆగిపోయింది. ఏమనుకుంటాడో! నాలుగు చోట్ల సంతకం పెట్టేశాను. ఏడాది తిరక్కుండానే వాయిదాలు ఆగిపోయాయి, నోటీసు నా ఇంటికొచ్చింది. మూడేళ్లు కట్టాను.

తెలిసినవాళ్లంతా నన్ను మంచివాడన్నారు. అందులో మంచితనం ఏముంది? నిజంగా అతని మేలు కోరి ఉంటే లెక్కలు అడిగేవాణ్ణి, తీర్చలేని అప్పు తలకెత్తుకోవద్దని చెప్పేవాణ్ణి. నా మేలు కోరుకున్నా అదే చేసేవాణ్ణి. నేను చేసింది ఈ రెండూ కాదు. అది వట్టి మొహమాటం. అంటే ఆ కాసేపు నా బుద్ధికి నేనే తాళం వేశాను.

రచయిత్రి, తత్వవేత్త అయన్ రాండ్ రచనలు నాకు పట్టుబడింది ఆ తర్వాతే. ఆమె 1905లో రష్యాలోని సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో పుట్టారు. విప్లవం తర్వాత తండ్రి మందుల దుకాణాన్ని ప్రజల పేరు చెప్పి లాక్కోవడం చిన్నతనంలోనే చూశారు. 1926లో అమెరికా చేరారు. 1964లో, స్వార్థం సుగుణమని పేరులోనే చాటుతూ ఒక వ్యాస సంపుటి తెచ్చారు. పేరు చూసి కోపం తెచ్చుకున్నవాళ్లు లోపలి షరతును వదిలేస్తారు. మనసుకు తోచిందల్లా స్వప్రయోజనం కాదంటారామె. ఏది నిజంగా నా మేలో హేతుబుద్ధితో తేల్చుకోవాలి. ఇంకొకరి కోసం నన్ను బలిపెట్టుకోవడం ఎంత తప్పో, నా కోసం ఇంకొకరిని బలిపెట్టడమూ అంతే తప్పు. మోసం చేసి గడించేవాడికి ఇక్కడ చోటు లేదు.

ఈ ఆలోచన ఆమెతో మొదలైంది కాదు. ఎవరి మేలు వాళ్లు వివేకంతో వెతుక్కోవడమే సుగుణానికి పునాది అని డచ్ తత్వవేత్త స్పినోజా పదిహేడో శతాబ్దంలోనే అన్నాడు. 1656లో ఆమ్‌స్టర్‌డామ్‌లోని సొంత యూదు సమాజమే అతన్ని వెలివేసింది. గాజు కటకాలు (లెన్సులు) అరగదీస్తూ బతికాడు. 1673లో హైడెల్‌బర్గ్ విశ్వవిద్యాలయం ఆచార్య పదవి ఇస్తామంది, స్థిరపడిన మతానికి ఇబ్బంది కలిగించకూడదన్న షరతుతో. వద్దన్నాడు. జీతం, హోదా, గౌరవం అన్నీ పోయాయి కదా, ఇదేం స్వార్థం అని అడగొచ్చు. తనకు అన్నిటికన్నా విలువైనది ఆలోచించే స్వేచ్ఛ అని అతనికి స్పష్టంగా తెలుసు. ఆ స్పష్టత మనలో ఎందరికుంది?

ఈ రోజుల్లో అది మరీ కష్టం. చేతిలోని ఫోన్ పొద్దున్నుంచీ ఇతరుల కళ్లు తెచ్చి మనకు తగిలిస్తుంది. ఎవరో మెచ్చుకోవాలని వాయిదాల మీద వస్తువు కొనేవాణ్ణి స్వార్థపరుడంటే నేను ఒప్పుకోను. తన కోసం అతను చేసుకున్నది ఏమీ లేదు.

రాండ్‌తో నాకు పేచీ ఉన్న చోటు కూడా చెప్పాలి. మనుషుల మధ్య సంబంధమంతా విలువకు విలువ ఇచ్చిపుచ్చుకోవడమే అంటారామె. ఆమె నవలల్లో పసిపిల్లలు దాదాపు కనిపించరు. తిరిగి ఏమీ ఇవ్వలేని స్థితిలో ఉన్న మనిషి దగ్గర ఈ లెక్క ఎలా నడుస్తుందో నాకు చాలాకాలం అంతుపట్టలేదు.

మా నాన్నగారు మంచాన పడ్డప్పుడు రెండు నెలలు సెలవు పెట్టి ఆయన దగ్గరే ఉన్నాను. ఆ ఏడు నాకు రావలసిన ప్రమోషన్ వేరేవాళ్లకు వెళ్లింది. 'ఎంత త్యాగం చేశావు' అన్నారు బంధువులు. ఎక్కువ విలువైనదాన్ని తక్కువదాని కోసం వదులుకోవడమే త్యాగమని రాండ్ నిర్వచనం. ఆ మాట గుర్తొచ్చి బంధువులకు తల అడ్డంగా ఊపాను. త్యాగమని ఒప్పుకుంటే ఆయన నాకు ఆ ప్రమోషన్ కన్నా తక్కువని ఒప్పుకున్నట్టేగా! ఈసారి మొహమాటపడి ఉండలేదు, ఆలోచించుకునే ఉన్నాను. తెల్లవారుజామున నిద్ర పట్టక పేపర్ చదవమనేవారు. ఎక్కడైనా ఒత్తు తప్పు పలికితే కళ్లు తెరవకుండానే దిద్దేవారు. నేను మళ్లీ ఆ వాక్యం మొదటినుంచి చదివేవాణ్ణి.