యాంప్‌కి ఎన్ని వాట్లు కావాలి? ముందు స్పీకర్ సెన్సిటివిటీ చూడండి

స్పీకర్ వెనక 100 వాట్లు అని ఉంటే యాంప్ (యాంప్లిఫయర్) కూడా 100 వాట్లే ఉండాలి, ఎక్కువైతే స్పీకర్ కాలిపోతుంది. హైఫై కొనాలనుకున్న ప్రతి ఒక్కరూ ఈ మాట ఎక్కడో ఒకచోట వినే ఉంటారు. నేను దీంతో ఏకీభవించను. స్పీకర్ మీద రాసిన వాట్లు అది ఎంతవరకు తట్టుకోగలదో చెబుతాయి. దానికి ఎంత కావాలో చెప్పవు.

ఎంత కావాలో చెప్పే అంకె సెన్సిటివిటీ. 1 వాట్ ఇచ్చి 1 మీటరు దూరంలో కొలిస్తే ఎన్ని డెసిబెల్స్ వస్తాయన్నదే ఇది. ఇక్కడ ఒక్క లెక్క గుర్తుంటే చాలు: 3 డెసిబెల్స్ పెరగాలంటే పవర్ రెట్టింపు కావాలి, 10 పెరగాలంటే పది రెట్లు కావాలి. అందుకే 50 వాట్ల యాంప్ తీసేసి 100 వాట్లది పెట్టినా సౌండ్ రెట్టింపు కాదు, కొద్దిగా పెరిగినట్టు అనిపిస్తుందంతే. అదే స్పీకర్ విషయానికొస్తే, బీబీసీ ఇంజనీర్లు తయారుచేసిన ఎల్ఎస్3/5ఎ అనే చిన్న స్పీకర్ సెన్సిటివిటీ 83 డెసిబెల్స్ దగ్గర ఉంటుంది. అమెరికావాళ్ల క్లిప్ష్‌హార్న్ అనే పెద్ద స్పీకర్‌కి కంపెనీ చెప్పే అంకె 105. క్లిప్ష్‌హార్న్‌కి 1 వాట్‌తో వచ్చే సౌండ్ ఎల్ఎస్3/5ఎతో రాబట్టాలంటే 150 వాట్లు దాటాలి. అంత పవర్ ఆ బుల్లి పెట్టె తట్టుకోలేదు కూడా!

ఇప్పుడు మన హాల్లో చూద్దాం. 87 డెసిబెల్స్ స్పీకర్లు రెండు, మీరు 3 మీటర్ల దూరంలో కూర్చున్నారు. గోడల సాయం కూడా కలుపుకుంటే 1 వాట్‌కి మీ చెవి దగ్గర సుమారు 81, 82 వస్తాయి. మామూలుగా పాటలు వినడానికి అది చాలా ఎక్కువే. మరి మిగతా వాట్లెందుకు? మృదంగం మీద దెబ్బ పడినప్పుడు, ఆర్కెస్ట్రా ఒక్కసారిగా ఎగసినప్పుడు సౌండ్ సగటు కంటే 15, ఒక్కోసారి 20 డెసిబెల్స్ పైకి వెళ్తుంది. 15 అంటే 30 రెట్లకు పైనే పవర్, 20 అంటే 100 రెట్లు. ఆ క్షణం కోసమే వాట్లు.

ఆ క్షణంలో యాంప్ దగ్గర పవర్ లేకపోతే సిగ్నల్ పైభాగం తెగిపోతుంది. దీన్నే క్లిప్పింగ్ అంటాం. పూర్తిగా క్లిప్ అయిన 20 వాట్ల యాంప్ 40 వాట్ల దాకా కక్కగలదు. పైగా అసలు పాటలో లేని హై ఫ్రీక్వెన్సీలు పుట్టి నేరుగా ట్వీటర్‌కి, అంటే స్పీకర్‌లో సన్నని శబ్దాలు పలికించే చిన్న భాగానికి, వెళ్తాయి. ట్వీటర్ తట్టుకోగలిగేది చాలా తక్కువ. అందుకే వాల్యూమ్ హద్దులో ఉంచి వాడే పెద్ద యాంప్ కంటే, చివరిదాకా తిప్పేసిన చిన్న యాంపే ప్రమాదం.

స్పీకర్ నిరోధం (ఇంపీడెన్స్) 4 ఓమ్స్ అయితే యాంప్ కంపెనీ 4 ఓమ్స్‌కి ఒప్పుకుందో లేదో తప్పకుండా చూడండి. నిరోధం తక్కువ కాబట్టి కరెంటు ఎక్కువ లాగుతుంది, యాంప్ వేడెక్కుతుంది.

పెట్టె మీద పీఎంపీఓ (పీక్ మ్యూజిక్ పవర్ అవుట్‌పుట్) అని వేలల్లో ఉన్న అంకెను అసలు పట్టించుకోకండి. ఇలాంటి గొప్పలు మరీ ఎక్కువవడంతోనే అమెరికాలో వ్యాపార ప్రకటనల మోసాలను అరికట్టే ప్రభుత్వ సంస్థ ఎఫ్‌టీసీ 1974లోనే యాంప్ వాట్లు ఎలా ప్రకటించాలో రూల్ పెట్టింది. స్పెసిఫికేషన్లలో చూడాల్సింది "8 ఓమ్స్, రెండు ఛానెల్స్ కలిసి పనిచేస్తూ, 20 హెర్ట్జ్ నుంచి 20 కిలోహెర్ట్జ్ వరకు" అన్న లైన్. "6 ఓమ్స్, ఒక్క ఛానెల్, 10 శాతం డిస్టార్షన్ (సౌండ్ వికృతం కావడం)" అని ఉంటే ఆ వాట్లను మన లెక్కలోకి తీసుకోకండి.