డ్రాక్యులా పట్టపగలు తిరిగేవాడు

[అబిడ్స్, ఆదివారం ఉదయం. మూసి ఉన్న దుకాణాల ముందు కాలిబాట మీద పాత పుస్తకాల గుట్టలు. వ్యాఖ్యాత చేతిలో ఒక పుస్తకం, భుజాన ఒక సంచి.]

ఈ సంచిలో డ్రాక్యులా వేషం ఉంది. మా మేనల్లుడికి రేపు బడిలో ఫ్యాన్సీ డ్రెస్ పోటీ. కోఠిలో వేషాలు అద్దెకిచ్చే దుకాణం నుంచి తెచ్చాను. నల్లటి అంగవస్త్రం, మెడ వెనక నిటారుగా నిలబడే కాలరు, ప్లాస్టిక్ కోరలు. "కోరలు కడిగి తిరిగివ్వాలి సార్" అని దుకాణదారు రెండుసార్లు చెప్పారు. నాకంటే ముందు తీసుకెళ్ళినవాళ్ళు కడిగారా అని అడిగే ధైర్యం నాకు లేకపోయింది.

ఈ పుస్తకం బ్రామ్ స్టోకర్ 1897లో ప్రచురించిన 'డ్రాక్యులా'. ఇదిగో, ఈ గుట్టలోనే దొరికింది. వేషాన్నీ పుస్తకాన్నీ పక్కపక్కన పెట్టి చూస్తే ఒకదానికొకటి చుట్టాల్లా కూడా అనిపించవు. పుస్తకంలో మొదట కనిపించే డ్రాక్యులా ముసలివాడు, పొడవాటి తెల్ల మీసాలవాడు. ఆ మీసాలు అతికిస్తే మావాడిని చూసి బడిలో ఎవరూ భయపడరు. తాతయ్యా అని పలకరిస్తారు.

[తెర మీద: లండన్ వీధి బొమ్మ. ఎండ.]

రక్తపిశాచి మీద ఎండ పడితే కాలి బూడిదవుతుందని మనందరికీ తెలుసు. స్టోకర్‌కు మాత్రం తెలియదు! ఆయన డ్రాక్యులా పట్టపగలు లండన్‌లోని పికడిల్లీ వీధిలో నిలబడి, ఒక అందమైన అమ్మాయిని చూస్తుంటాడు. పగటిపూట శక్తులు తగ్గుతాయి, అంతే. చివర చచ్చేది కూడా ఎండకు కాదు, కత్తులకు. వాటిలో ఒకటి మన గూర్ఖాల కుక్రీ.

మరి ఎండ ఎక్కడి నుంచి వచ్చింది? 1922లో జర్మనీలో మూర్నౌ తీసిన మూకీ సినిమా 'నొస్ఫెరాటు' నుంచి. నిర్మాతలు హక్కులు కొనలేదు. పేర్లు మార్చారు, డ్రాక్యులాను ఆర్లాక్ చేశారు, ముగింపులో ఉదయపు వెలుగు తగిలి మాయమైపోయేట్టు తీశారు. స్టోకర్ అప్పటికి లేరు. ఆయన భార్య ఫ్లోరెన్స్ కోర్టుకెక్కారు. 1925లో తీర్పు వచ్చింది: ప్రింట్లన్నీ నాశనం చేయాలని. అయినా కొన్ని బతికి బయటపడ్డాయి. కోర్టు చంపమన్న సినిమాలోని కల్పన ఈరోజు లోకమంతా రక్తపిశాచుల శాస్త్రంగా చలామణీ అవుతోంది. కథను దొంగిలించినవాళ్ళు దానికి కొంత సొమ్ము చేర్చి వెళ్ళారన్నమాట. దొంగతనాన్ని సమర్థించడం లేదు, జరిగింది చెబుతున్నాను.

[వ్యాఖ్యాత కాలరు లేపి చూపిస్తాడు.]

ఈ కాలరు సంగతి ఇంకా సరదాగా ఉంటుంది. 1924లో హామిల్టన్ డీన్ ఈ నవలను నాటకంగా వేశారు. పిశాచి రంగస్థలం మీద అందరి కళ్ళముందే మాయం కావాలి. నటుడు ప్రేక్షకులకు వీపు తిప్పి నిలబడతాడు. నిటారు కాలరు తలను కప్పేస్తుంది. చుట్టూ ఉన్నవాళ్ళు అంగవస్త్రాన్ని పట్టుకుని ఉండగా, నేలలోని తలుపులోంచి నటుడు కిందికి జారిపోతాడు. ఖాళీ బట్ట చేతుల్లో మిగులుతుంది. సురభి నాటకాల్లో మాయలూ మంత్రాలూ చూసినవాళ్ళకు ఈ కిటుకు విడమరచి చెప్పనక్కర్లేదు. పని జరగడానికి కుట్టిన కాలరు పాత్రకు ముఖమైపోయింది. ఇప్పుడది కోఠిలో అద్దెకు దొరుకుతోంది.

[తెర మీద: బల్లపరుపు తల, మెడలో బోల్టులు ఉన్న బొమ్మ.]

ఇతని పేరేమిటి? ఫ్రాంకెన్‌స్టైన్ అన్నారా? అది ఇతన్ని తయారుచేసిన యువకుడి పేరు. ఇతనికి పేరే పెట్టలేదు. మేరీ షెల్లీ ఈ కథ మొదలుపెట్టినప్పుడు ఆమె వయసు 18. 1815లో ఇండోనేషియాలో తంబోరా అగ్నిపర్వతం పేలింది. ఆ బూడిద ప్రభావంతో మరుసటి ఏడాది యూరప్‌లో వేసవి రాలేదు. జెనీవా సరస్సు దగ్గర వానకు ఇంట్లో చిక్కుకుపోయిన మిత్రులు తలా ఒక దయ్యం కథ రాయాలనుకున్నారు. అదే పందెంలోంచి, ఆ మిత్రుల్లో ఒకడైన పాలిడోరి రాసిన పిశాచి కథ కూడా పుట్టి, 1819లో అచ్చయింది. జమీందారీ దర్పం ఉన్న రక్తపిశాచి ఇంగ్లీషు కథల్లోకి వచ్చింది దానితోనే. వాన కురిసి ఇంట్లో కూర్చుంటే మనకు మిరపకాయ బజ్జీలు మిగులుతాయి, వాళ్ళకు రెండు శతాబ్దాల సినిమాలు మిగిలాయి.

బోల్టులు, బల్లపరుపు తల 1931 సినిమాకు మేకప్ చేసిన జాక్ పియర్స్ సృష్టి. ఆ సినిమాలో అతను మూలుగుతాడు, గుర్రుమంటాడు. నవలలో మాత్రం చక్కగా మాట్లాడతాడు, మిల్టన్ కావ్యం చదువుతాడు, నాకొక తోడును ఇవ్వమని సృష్టికర్తను వాదించి అడుగుతాడు. నాకు ఈ మాటకారే ఎక్కువ భయం పుట్టిస్తాడు, ఎందుకంటే అతని వాదనలో న్యాయం ఉంది.

మన పత్రికలు ఇలాంటి చోట 'భస్మాసుర హస్తం' అని శీర్షిక పెడతాయి. అది సరిపోదు. భస్మాసురుడు వరం పొంది ఇచ్చినవాడి మీదికే వచ్చాడు. అతన్ని ఎవరూ వదిలేయలేదు. షెల్లీ కథలో మొదటి తప్పు పుట్టించి పారిపోయినవాడిది. 2010లో వచ్చిన 'రోబో' గుర్తుచేసుకోండి. చిట్టి ప్రేమించానంటాడు. శాస్త్రవేత్త అతన్ని ముక్కలు చేసి చెత్తలో పారేయిస్తాడు. అసలు విధ్వంసం ఆ తర్వాతే. కంప్యూటర్ బొమ్మల హంగు తీసేస్తే కనిపించే అస్థిపంజరం 1818లో అచ్చయిన షెల్లీ నవలది.

[గుట్టలో చందమామ పాత సంచిక ఒకటి. కెమెరా దగ్గరికి వెళుతుంది.]

ఇంతవరకూ వాళ్ళ దగ్గర నుంచి మనకు రావడమే చెప్పాను. మనవైపు నుంచి వెళ్ళినదీ ఉంది. చెట్టుకు వేలాడే శవం, దాన్ని ఆవహించిన బేతాళుడు 11వ శతాబ్దంలో సోమదేవుడి కథాసరిత్సాగరంలోనే ఉన్నారు. కథలు 25. మన చందమామ ఆ ఎత్తుగడ తీసుకుని వందలకొద్దీ కొత్త కథలు రాయించింది. సూర్యుణ్ణి చేర్చిన మూర్నౌ కంటే పెద్ద చేర్పు ఇది. యండమూరి నవలల నుంచి 'కాష్మోరా' అనే మాట జనం నోట్లో పడి, 2016లో వేరే కథతో తీసిన సినిమాకు పేరైంది కూడా. పుస్తకం తెరవనివాళ్ళు సైతం ఆ మాట వాడతారు.

ఆ బేతాళ కథలను ఇంగ్లీషు యాత్రికుడు రిచర్డ్ బర్టన్ 1870లో ఇంగ్లీషులో పెట్టాడు. బేతాళుడికి అతను ఎంచుకున్న మాట 'వాంపైర్'. మన బేతాళుడు రక్తం తాగడు, ప్రశ్నలు వేసి ప్రాణం తీస్తాడు. అయినా ఆ పేరు పెట్టాడు. ఈ బర్టన్‌ను స్టోకర్ స్వయంగా కలిశాడు. 1906లో అచ్చయిన జ్ఞాపకాల్లో ఆ మనిషిని వర్ణించాడు కూడా. మాట్లాడుతుంటే బర్టన్ పైపెదవి పైకి లేచిందట, కోరపన్ను పూర్తిగా బయటపడి బాకులా మెరిసిందట.

[సోమవారం సాయంత్రం. కోఠి దుకాణం. వ్యాఖ్యాత సంచి బల్ల మీద పెడతాడు.]

పోటీ అయిపోయింది. మావాడికి రెండో బహుమతి. మొదటిది ట్రాఫిక్ సిగ్నల్ వేషానికి ఇచ్చారు, పోనివ్వండి. దుకాణదారు అంగవస్త్రం మడతలు చూశారు, కాలరు వంగలేదు కదా అని చూశారు. ఆ తర్వాత కోరలు అరచేతిలో వేసుకుని నావైపు చూశారు.

"కడిగారా సార్?"

"రెండుసార్లు."